నష్టం పద్దు

పలమనేరులో పట్టుగూళ్ల కేంద్రం మూతబడి పదకొండేళ్లు.
తాళం తెరుచుకోలేదు, విరిగింది.
లోపల మల్బరీ ఆకు వాసన ఇంకా ఉందంటే
నవ్వకండి, ఉంది.
ఎండి, దుమ్మై, గోడ సున్నానికి అంటుకుని.

చేతిలో ఉత్తర్వు ఉంది.
ఏ వీధివాళ్లయినా ఏ ఊరివాళ్లయినా
కోరుకుని చేరగల సర్కారు బడి, అని రాసుంది అందులో.
బల్లలెక్కడివో రాయలేదు.
జూన్ పన్నెండు అని మాత్రం రాసుంది.

చెంగల్రాయప్ప ఈ కేంద్రంలోనే ముప్పై ఏళ్లు అటెండరు.
ఎవరూ పిలవకుండానే చీపురుతో వచ్చాడు.
మూలన పేర్చిన వెదురు తట్టలు ఒక్కొక్కటీ దులిపి,
ముక్కు దగ్గర పెట్టుకుని చూసి
"ఇవి పారేయొద్దు మేడమ్, మేత పెట్టిన తట్టలు" అన్నాడు.
వాటి స్టాండ్లకు పలకలు కొట్టి
పుస్తకాల అరలు చేశాడు ఖాజాపీర్.
మూడు రోజుల కూలి చెప్పి, రెండు రోజులది తీసుకుని
మనవరాలికి దరఖాస్తు అడిగాడు.
చీటీలో పేరు రావాలి గదా భాయ్, అన్నాను.
"వస్తే వస్తాది. అరలైతే గట్టిగానే కొట్టినా."

దరఖాస్తులో ఒక గడి నేనే పెట్టాను:
ఈ బడే ఎందుకు కోరుకున్నారు?
చిన్న ప్రశ్నే అనుకున్నాను.
టమోటా మండీలో బాక్సులెత్తే దేశమ్మ
ఆ కాగితం పట్టుకుని సగం పూట కూర్చుంది.
"కోరుకునేదంటే ఏం చెప్పాల మేడమ్?
రేషనంగడి ఏదో వాళ్లే చెప్పినారు.
మొగుణ్ని మా మామ చూసినాడు.
కోరుకోమని ఎవురూ ఇంతవరకూ కాయితం ఇయ్యలా."
చివరికి వేలిముద్ర ఆ గడిలోనే వేసింది.
సంతకం చోటు ఖాళీ.
నేను సరిదిద్దలేదు.

కౌండిన్య అడివంచు నుంచి వచ్చిన ఒకాయన
ఇంగ్లీషు మీడియమా అని కూడా అడగలేదు.
"గంట ఎన్నింటికి కొడతారు?
ఏనుగులు చెరుకులో దిగిన పొద్దు
ఎనిమిదైనా దారి ఇడవవు.
అయ్యి పోయినాంకనే మా పిల్లోడు రావాల."
ఆలస్యానికి కారణాలు రిజిస్టరులో అచ్చేసున్నాయి:
జ్వరం, పెళ్లి, ఊరికెళ్లడం.
కింద నా చేత్తో 'ఏనుగు' అని రాశాను.

పై ఆఫీసు సారు జీపు దిగుతూనే గోడ చూశారు.
"ఇంత పెద్ద గోడ! చోటు కూడా ఎంత కుదిరింది!
గూట్లోంచి ఎగిరే సీతాకోకచిలుక బొమ్మ వేయించండి,
కింద నాలుగు మంచి మాటలు."
చెంగల్రాయప్ప చీపురు గోడకానించి
గొంతు సవరించుకున్నాడు.
"సార్, ఈడ ఏ పురుగుకూ రెక్కలు రానీలేదు సార్.
గూడు కట్టినాంక ఆవిరి పెడతా ఉంటిమి.
ఎట్నో ఒకటీ అరా గూడు చీల్చుకోని బయటికొస్తే
దారం తెగిపోయిందని
నష్టం కింద రాస్తా ఉంటిమి.
పద్దు పుస్తకం లోపల్నే ఉండాది, చూపించేదా?"

సారు వాచీ చూసుకున్నారు.

ఆ రాత్రి నేను ఆ పుస్తకం తెరిచాను.
ఎర్రసిరా గీతల మధ్య నెలనెలా నష్టం:
పదిహేడు. నాలుగు. ముప్పై ఒకటి.
ఒక నెలలో ఒక్కటే.
ఆ ఒక్కదాని దగ్గర చాలాసేపు ఆగాను.
ఆవిరిగది పక్కనుంచి
ఎటు పోయుంటుంది అది?

సీట్లు అరవై. దరఖాస్తులు నూట తొంభై నాలుగు.
రేపు పదింటికి, అందరి ఎదుటా,
మా ఇంటి కందిపప్పు డబ్బాలోంచి చీటీలు తీస్తాం.
కోరుకోమన్నదీ మేమే,
నూట ముప్పై నాలుగు మందికి లేదని చెప్పేదీ మేమే.
దేశమ్మ బిడ్డ పేరు
ఆ డబ్బాలో ఎక్కడ మడతపడి ఉందో.
ఈ లెక్క దేని కింద రాయాలో ఉత్తర్వులో లేదు.

గోడకు తెల్లసున్నం మాత్రం కొట్టించాను.
చిన్నపిల్లల చెయ్యి అందే ఎత్తు వరకూ నల్లరంగు.
సుద్దముక్కలు ఒక తట్టలో పోశాడు చెంగల్రాయప్ప,
మేతలాగా, సమంగా పరిచి.

గంట ఇంకా రాలేదు, తిరుపతి నుంచి లారీలో వస్తోందట.
అందాకా రైలుపట్టా ముక్కొకటి
వేపకొమ్మకు కట్టాడు ఖాజాపీర్.
ఒకసారి కొట్టి చూశాం.
ఎదురు మెకానిక్ షెడ్డులో కుర్రాడు,
పదేళ్లుంటాయేమో,
స్పానరు చేతిలో ఉండగానే తలెత్తి చూశాడు.
దరఖాస్తుల గడువు నిన్నటితో సరి.
పద్దు పుస్తకంలో చివరి పేజీ ఖాళీగా ఉంది.
"నీ పేరేంరా?" అని కేకేశాను.