మూడు ప్రశ్నల కాగితం

ఆగస్టు చివర్లో, కాపీ మెషీన్ వేడి ఇంకా ఆరని
ఆ కాగితం మీద మూడే ప్రశ్నలు:
పిల్ల మొదట నేర్చిన మాట ఏ భాషది?
ఇంట్లో ఎక్కువగా వినబడేది ఏది?
మీతో మాట్లాడేటప్పుడు ఏ భాషలో మాట్లాడుతుంది?

మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
నేరుగా వచ్చాడు ఫెర్మీనా నాన్న.
చూపుడువేలికి కట్టు. బూట్ల నుంచి బ్లీచు వాసన.
మూడు గళ్ళలోనూ ఒకటే రాశాడు: స్పానిష్.
రాసేముందు అతను
కౌంటరు వెనకున్నామె మొహం చూడటం
నేను చూశాను.
చూశాను, అంతే.
కాగితం ఫైల్లో పెట్టాను.

తర్వాత పరీక్ష.
ఆ తలకి పెద్దవైన హెడ్‌ఫోన్లు.
తెరమీద ఎర్ర కొట్టం, ఆవు, నిచ్చెన.
"నిచ్చెన ఎక్కడుందో చూపించు" అంది గొంతు.
ఫెర్మీనా నా వైపు చూసింది,
గొంతు వస్తోంది కదా
నా పెదాలు కదలవేమిటా అన్నట్టు.
ఇరవై రెండు నిమిషాలకి వచ్చిన అంకె: ఒకటి.
అంతకంటే తక్కువ ఇవ్వడం ఆ యంత్రానికి రాదు.

అక్టోబరు దాకా స్పానిష్ దుబాసీ పక్కనే కూర్చుంది.
ఏమడిగినా తలూపేది పిల్ల.
ఆకలేస్తోందా? ఊపింది. వెయ్యట్లేదా? ఊపింది.
నోట్లో నాలుక లేని పిల్ల, అన్నారు స్టాఫ్ రూంలో.
చెవులు చూపిద్దాం అన్నారొకరు.
బుద్ధి ఎదగలేదేమో, ఇంకో కాగితం తీద్దాం అన్నారింకొకరు.
ఆ ఇంకో కాగితం నా సొరుగులోనే ఉంది.
సగం నింపాను కూడా. దాచను.

మొదటి మంచు పడ్డ రోజు బస్సు ఆలస్యం.
జిమ్ గోడవారన తమ్ముడికి చేతితొడుగు వేస్తూ
ఒక్కో వేలూ దూరుస్తూ లెక్కపెడుతోంది:
హూన్, కబె, ఓషె...
గొంతులో చిన్న గులకరాయి అడ్డుపడి
మళ్ళీ సాగే మాటలు.
స్పానిష్ కాదది. ఆ మాత్రం నాకు తెలుసు.
వాడు బొటనవేలు దాచాడు. గదమాయించింది చూడండి,
జిమ్ జిమ్మంతా మారుమోగింది.

ఆ రాత్రి మా నాయనమ్మ గుర్తొచ్చింది.
ఈ నెబ్రాస్కా మైదానంలోనే
చెక్ మాట జారినందుకు
అరచేతుల మీద స్కేలు దెబ్బలు తిన్న మనిషి.
ఆమె భాషలో నాకు మిగిలింది ఒక్కటే, పెర్జినా.
ఈకల దుప్పటి.
కప్పుకోగలను గానీ
దాంతో ఒక్క వాక్యమైనా కట్టలేను.

మర్నాడంతా ఫోన్లే. జిల్లా ఆఫీసుకి, చర్చికి, ఫ్యాక్టరీకి.
చివరికి దొరికింది ఓర్టెన్సియా,
ఎముకలు కోసే వరసలో పనిచేసే ఆవిడ,
గ్వాటెమాలా కొండల్లో మామ్ భాష మాట్లాడుతూ పెరిగినావిడ.
తన భోజనం అరగంటనీ మాకిచ్చేసింది.
స్పీకరులోంచి మొదటి మాట రాగానే
ఫెర్మీనా ఫోన్ని రెండు చేతులా పట్టుకుంది
వేడి రొట్టెని పట్టుకున్నట్టు.
పంతొమ్మిది నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.
ఓర్టెన్సియా నాకు చేరవేసింది మాత్రం ఇంతే:
"మీ బొమ్మలో నిచ్చెనకి ఒక మెట్టు లేదట.
పెద్దవాళ్ళెవరూ చూడలేదా అంటోంది."

పరుగున వెళ్ళి తెర తెరిచాను.
కింద నుంచి నాలుగోది. నిజంగానే లేదు.
పదకొండేళ్ళుగా ఆ బొమ్మ చూపిస్తున్నాను.

ఆ తర్వాత నేను చేసింది పెద్ద పనేం కాదు.
బొమ్మల కార్డులు, సగం రాసి వదిలిన వాక్యాలు,
తనలాగే మాట దాచుకునే కారెన్ కుర్రాడు ఎహ్ డో పక్కన సీటు,
శుక్రవారాలు ఓర్టెన్సియా ఫోను.
ఇక తొందరపెట్టకుండా కూర్చోవడం,
అదే నేర్చుకోవలసి వచ్చింది నాకు.

కంప్యూటర్ జాబితాలో మామ్ లేదు.
దిద్దబోతే "ఇతర" అన్న గడి ఒక్కటే ఒప్పుకుంది.
మేలో, ఇంగ్లీషులోనే, మెల్లగా అడిగింది ఫెర్మీనా:
"ఇతర, ఏ ఊరి భాష టీచర్?"

సొరుగులో ఆ సగం కాగితం ఇంకా ఉంది.
చింపలేదు.
ఆగస్టు రాగానే, కొత్త పిల్లల కంటే ముందు
దాన్ని బయటికి తీస్తాను.