నలభై ఒక్కటి

డెస్కు నుంచి ఫోను:
"మూడు వందల మాటలు చాలు.
మొదటి లైనుకే కండ్లు చెమ్మగిల్లాలె."
సరేనన్న.

మెట్‌పల్లి బస్టాండు ఎనుక గల్లీల
భూదేవక్క అరుగు మీద కూసొని
మొదటి వాక్యం రాసిన:
"పూలు కట్టాల్సిన వేళ్లు పొగను చుడుతున్నయి."
నాకు మస్తు నచ్చింది.
కింద రెండు గీతలు కొట్టుకున్న.

అక్క ఒళ్లె చాట,
చాటల తునికాకు, జర్ద, దారపుండ.
ముచ్చట పెడుతున్నా వేళ్లు ఆగయి.
"ఏది, రాసింది సదువు" అన్నది.
సదివిన.
నవ్వింది. దగ్గొచ్చేదాక నవ్వింది.
"పూలు కట్టుడు నాకు ఎన్నడు రాదు పిల్లా,
ఎవలి కత ఇది?"

"వెయ్యికి ఎంతిస్తరో రాసినవా?
కార్ఖానాల గుప్పెడు గుప్పెడు
చాట్ అని పక్కకు నూకుతడు,
పారేస్తడా అంటె పారెయ్యడు,
అవ్వి గూడ అమ్ముకుంటడు. రాసినవా?"
నోటుబుక్కు తెల్లగ నన్నే చూస్తున్నది.

పౌడరు డబ్బ మూత తీసి
బస్సు టికెట్లు కుమ్మరించింది.
పీఎఫ్ బుక్కుల ఆమె పేరు భూదమ్మ అని పడ్డదట,
పెనిమిటి పేరు కాడ మామ పేరు.
దిద్దిచ్చుకునేటందుకు నిజామాబాదుకు
ఏడేండ్ల సంది తిరుగుడే.
లెక్కపెట్టిన. నలభై ఒక్కటి.
ఆఖరి పది జీరో టికెట్లు.
"కిరాయి లేదు సరే,
ఆ దినం చుట్టని బీడీలకు జీరో ఎవలు కొడుతరు?"

లేస్తుంటె అన్నది:
"ఆకును రాత్రి నానెయ్యకుంట కత్తెర పెడితె పలుగుతది.
నువ్వు పొద్దుగాల వొచ్చినవు, మాపటికే రాస్తనంటున్నవు."

రెండు రాత్రులు నానబెట్టిన.
పూలు తీసేసిన. పొగ తీసేసిన.
"భూదేవి దగ్గర నలభై ఒక్క బస్సు టికెట్లున్నయి"
అక్కడ మొదలువెట్టిన.

ఆదివారం వొచ్చింది,
ఏడో పేజీల, ట్యూషన్ల అడ్వర్టయిజుమెంటు కింద.
పేపరు పట్టుకపోయి సదివి వినిపిచ్చిన:
"... కార్యాలయం చుట్టూ పలుమార్లు తిరిగినా ..."
వేళ్లు ఆగినయి.
నేను చూస్తుండంగ ఆగుడు అదే మొదలు.
"నలభై ఒక్కటి ఏమాయె?"
"చాట్‌ల పోయిందక్కా."

ఈసారి నవ్వలె.
ఇంత జరిగి అరుగు మీద జాగ ఇచ్చింది.
"మల్ల రాయి.
నలభై ఒక్కటి గాదు, నలభై రెండు.
మొన్న బేస్తారం పోయొచ్చిన."