కొసరు

ముప్పై మూడుని నలభై నాలుగు చెయ్యి, అంతే,
అన్నాడు ఏలి, మా చెల్లెలి మనవడు,
పద్నాలుగేళ్లవాడు, చేతిలో సగం కొరికిన
దాల్చినచెక్క రొట్టె.
ఒక్క అంకె మారిస్తే చాలట,
సెంటు ఖర్చు లేకుండా వేగం వస్తుందట.
కొసరన్నమాట, అన్నాను.

పన్నెండేళ్ల ప్రాసెసర్ అది.
లైబ్రరీ వాళ్లు పాత సామాను వదిలించుకున్న రోజున
ముప్పై యూరోలకు కొని
మంచు బండికి కట్టి ఇంటిదాకా ఈడ్చుకొచ్చాను.
దానికి నేను పెట్టిన పని ఒకటే.
ఓస్మో తీసిన వీడియో టేపులు, అరవై నాలుగు,
గీతలు తీసి, గింజలు ఏరి, వణుకు మాన్పి
ముఖాలు తేట చెయ్యాలి.
గంట టేపుకి పదకొండు గంటలు.
ఎనిమిదింపావు అవుతుంది, అన్నాడు ఏలి.
లెక్కలు వాడి నాలుక చివరుంటాయి.

వాడు వెళ్లాక పెట్టె ముందు కూర్చున్నాను.
నీలం తెర. బాణం మీటలు. ముప్పై మూడు.

ముప్పై ఒక్కేళ్లు కాగితం మిల్లులో,
మూడో నంబరు యంత్రం దగ్గర,
ఆ షిఫ్టులో నేనొక్కదాన్నే ఆడదాన్ని.
నిమిషానికి పదకొండు వందల మీటర్లు నడిచేది.
చివరి ఏడాది హెల్సింకి నుంచి కోట్ల వాళ్లొచ్చి
పదమూడు వందలు చెయ్యమన్నారు. చేశాం.
యంత్రం కాదనలేదు.
యంత్రాలు కాదనవు, ముందు గొంతు మారుస్తాయి.
తర్వాత కాలిన వెంట్రుకల వాసన.
తర్వాత ఒక రాత్రి కాగితం తెగి
మోకాళ్ల లోతు తెల్లటి వరద,
అందులో మేం నలుగురం, చేతుల్లో కత్తులతో.
మరుసటి అక్టోబరులో మిల్లు మూసేశారు.
ఆ మిగిలిన రెండు వందల మీటర్లు
ఎవరి జేబులోకి పోయాయో
నాకిప్పటికీ తెలీదు.

అయినా నొక్కాను.
నలభై. డెబ్బై ఒక డిగ్రీలు.
నలభై రెండు. ఎనభై నాలుగు.
నలభై నాలుగు. ఫ్యాను ఈల మొదలెట్టింది.
తొంభై మూడు.
బయట సున్నాకి ఇరవై నాలుగు కింద.
కిటికీ తెరిచాను.
ఇల్లు కాచుకోవడానికి బిల్లు కడుతూ
పెట్టె చల్లార్చడానికి చలిని పిలిచినదాన్ని
ఈ వీధిలో నేనే అయ్యుంటాను.
ఉన్ని టోపీ పెట్టుకుని కూర్చున్నాను.

నలభై ఒకటో టేపు.
కెమెరా ఎప్పుడూ ఓస్మో చేతిలోనే కాబట్టి
మిగతా టేపుల్లో అతను లేడు,
నీడ తప్ప, దగ్గు తప్ప.
ఇందులో మాత్రం ఎవరో లాక్కుని
అతని వైపు తిప్పారు.
పదకొండు సెకన్లు.
చేప పొలుసులు గీస్తూ తలెత్తి
వద్దు వద్దని నవ్వుతాడు.

తెల్లవారుజామున చూస్తే
నవ్వు అలాగే ఉంది,
చెవి కింద మాత్రం ఒక ఆకుపచ్చ చుక్క.
పాత టేపు వెనక్కి తిప్పి చూశాను, అందులో లేదు.
ఇది కాలం వేసిన మచ్చ కాదు.
తొందర వేసింది.

ఇంతకీ రెండు గంటల ముప్పావు మిగిలితే
ఏం చేసుకుంటాను?
ఈ నెలలో మాకు పగలే మూడు గంటలు.

పెట్టె విప్పాను.
చిప్పు మీద పూత ఎండి
అంటు గిన్నెకి పట్టిన పిండిలా ఉంది.
స్పిరిటుతో తుడిచి, గోధుమగింజంత కొత్తది పెట్టి,
దుమ్ము ఊది, దగ్గి,
మళ్లీ నీలం తెర.
ముప్పై మూడు దగ్గర వేలు ఆగలేదు.
ఆగుతుందనుకున్నాను.
ముప్పై ఆరు దగ్గర ఆగింది.
అరవై రెండు డిగ్రీలు, గొంతు మారలేదు.
ఏలి అడిగితే చెప్తాను,
కొసరంటే పిడికెడు నాయనా,
గంప చాపకూడదని.

ఆ టేపు మళ్లీ మొదటినుంచి వేశాను. పది గంటలు పట్టింది.
చెవి కింద ఏమీ లేదు.
మిగిలిన గంట ఏం చేశావని అడక్కండి.
కిటికీ మూశాను. కాఫీ కాచాను.
మళ్లీ వచ్చి దాని ముందే కూర్చుని
అది పనిచేస్తుంటే
విన్నాను.