బెంచి లేదు

టెక్కలి కోర్టు గేటుకి ఎదురుగా
గ్రానైటు లారీల దుమ్ము పడే వరసలో
మూడో గది మాది.
మాది అంటే కూర్మనాథం గారిది.
ఇరవై ఆరేళ్లుగా తాళంచెవి మాత్రం నా మొలతాడుకే.

మొన్న ఆషాఢంలో ఇద్దరొచ్చారు,
మడత నలగని చొక్కాలు.
టీ తాగారు, డబ్బులిచ్చారు, కదల్లేదు.
"మీ ప్లీడరుగారు సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటారు?
ఏ జెండా కింద? ఎవరి పెళ్లిలో ముందు వరస?"
టీ కొట్టు గవరయ్య గరిటె ఆపకుండా చెప్పాడు:
"నెలాఖరుకి ఖాతా తీరుస్తాడు బాబూ.
ఒక నెల తీర్చనేదు, ఆ నెల ఆళ్లమ్మ పోయింది.
అంతకన్నా నాకు తెల్దు."
అది రాసుకున్నారో లేదో.

పేరు పైకి వెళ్లిందని నాకప్పుడు తెలిసింది.
వెళ్లడం ఒకటి, రావడం ఇంకొకటి.
అమరావతి నుంచి ఢిల్లీ,
ఢిల్లీలో ఏ బల్ల మీదో, ఏ కాగితం కిందో.
ఆయన మాత్రం మామూలుగా
మేకల దొంగతనం కేసులో
"మేక రంగేమిటి?" అని
సాక్షిని మూడోసారి అడుగుతూనే ఉన్నాడు.

మధ్యలో దాలమ్మ సంగతి చెప్పాలి.
మడ్డు దాలమ్మ, నౌపడ ఉప్పుమళ్లు,
ఎకరా పన్నెండు సెంట్లు.
మునసబు కోర్టులో గెలిచింది, జిల్లాలో ఓడింది.
రెండో అప్పీలు హైదరాబాదులో పుట్టి
అట్టపెట్టెలో లారీ ఎక్కి
నేలపాడులో దిగింది.
పదకొండేళ్లుగా ఆమెకి నేను చెబుతున్నది ఒకటే:
"బెంచి లేదు."
మొదటిసారి విన్నప్పుడు
మా వరండాలో చెక్కబెంచీ చూపించి
"దీన్నట్టుకెల్లి ఆడెయ్యండి బాబూ, నాను మోస్తాను" అంది.
నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ నాకు నచ్చదు.

జడ్జీలు చాలరమ్మా, కుర్చీలు ఖాళీ, అని విడమరిచి చెబితే
"ఉప్పుకి రోజులుంటాయి బాబూ,
మాఘం నించి మృగశిర కార్తె దాకా.
ఒక్క వాన దిగితే గుట్ట మొత్తం నీళ్లే.
కుర్చీకి అట్టాటి కార్తె నేదేటి?"
నా డైరీలో ఆ పేజీకి తేదీ లేదు.

కార్తీకంలో ఒక మంగళవారం, కరెంటు లేని మధ్యాహ్నం
ఫోనొచ్చింది.
విన్నాడు. "సరే" అన్నాడు.
కళ్లద్దాలు తీసి, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.
మేక కేసు కట్ట నా చేతికిచ్చి
"ఇది సుగ్రీవులుకి అప్పజెప్పు" అన్నాడు.
బారు గదిలో లడ్డూలు, బంతిపూల దండలు,
"మన జిల్లా కుర్రాడు" అని ప్రసంగాలు,
యాభై రెండేళ్ల కుర్రాడు.
గేటు దగ్గర సీమటపాకాయలు పేలేసరికి
లోపల సాక్షి ఉలిక్కిపడి
మేక రంగు మార్చేశాడు.

దాలమ్మకి ఎవరు చెప్పారో,
మడమల మీద తెల్లచార తుడుచుకోకుండానే వచ్చింది.
"మా బాబే కుర్చీ ఎక్కితే
నా కాయితం పైకొచ్చేసినట్టే గదా!"
ఆయన మెడలో దండ తీసి బల్ల మీద పెట్టాడు.
"ఎవరి కేసైనా వినొచ్చు గాని దాలమ్మా,
నీది వినకూడదు నేను.
నీ దావా రాసింది ఈ చెయ్యే.
నా ముందుకొచ్చినా పక్కకి పంపేయాలి."

ఆమె ఆ చేతి వైపు చాలాసేపు చూసింది.
"అయితే నువ్వు రాయకపోతే బాగున్ను" అంది.
కాసేపాగి తనే,
"రాయకపోతే ఈపాటికి మడి కంపెనీవోడి కిందే ఉండును."
మళ్లీ,
"ఇంకెన్ని ఖాళీలున్నాయి బాబూ, అక్కడ?"
ఆయన చెప్పిన లెక్కకి
ఆమె రెండో చెయ్యి కూడా తెరవాల్సి వచ్చింది.

ఆయన రైలెక్కిన మర్నాడు
గదిలో నేనూ, వెనక్కి వాలిన కుర్చీ, ఫ్యానూ.
దాలమ్మ వేలిముద్ర కావాలి,
ఆయన పేరు పోయి సుగ్రీవులు పేరు చేరే వకాలత్తు మీద.
ఇంకుప్యాడు ఎండిపోయింది.
నీళ్ల చుక్క వేసి రుద్దాను.
నొక్కింది. సగమే పడింది,
నలభై యేళ్లుగా ఉప్పు తింటున్న వేలు,
గీతలెక్కడివి?

"చాల్దా?" అంది.
ఇంకోసారి వెయ్యమన్నాను.