కూత వినిపించే గది

మా కార్స్‌లో ఫిబ్రవరి అంటే
ఆరేసిన చొక్కా చేతులు చాచి బిగుసుకుపోయే నెల.
బళ్ళకి పదిహేను రోజులు సెలవు.
ఈసారి ఇస్తాంబుల్ చూసొద్దాం, అన్నాడు ఇల్హామీ.
అన్నాక వారం రోజులు హోటల్ దగ్గరే ఆగిపోయాం.

ఆయనకి స్టేషన్ పక్కనే ఉండాలి,
టాక్సీవాడికి చిల్లిగవ్వ దక్కకూడదు.
ఎజ్గీకి పదేళ్ళు. టిఫిన్లో ఎన్ని రకాల జామ్ పెడతారో
లెక్క రాసుకుంటోంది: తొమ్మిది, పదకొండు, ఏడు.
నాకు స్నానాలతొట్టి కావాలి. ఎందుకని అడక్కండి.
నలభై రెండేళ్ళుగా చెంబుతో పోసుకున్న ఒళ్ళు
ఒక్కసారి మెడదాకా మునగాలని ఉండదా?

అత్తని ఎవరూ అడగలేదు.
పొయ్యి పక్కన పెద్దబాతు ఈకలు పీకుతున్నదల్లా
చేతులు తుడుచుకుని, "ఇలా ఇవ్వు ఫోన్" అంది.

ఆవిడ అడిగింది ఒకటే:
"నాయనా, మీ గదిలోకి ఓడ కూత వినపడుతుందా?"

"అబ్బే! రెండు పొరల అద్దాలమ్మా, చుక్క శబ్దం రాదు"
అన్నాడు మొదటివాడు, నాలుగు నక్షత్రాలవాడు.
అత్త పెట్టేసింది.
"ఓడలా? మా దగ్గర చీమ చిటుక్కుమంటే వినపడుతుంది,
అంత నిశ్శబ్దం" అన్నాడు రెండోవాడు.
మూడోవాడు పిల్లల మీద ఒట్టు కూడా వేశాడు.
పాపం, గొడవ పెట్టుకునే ముసల్దనుకున్నారందరూ.
ఉన్న మర్యాదంతా గుమ్మరించి
ఒకరి తర్వాత ఒకరు బేరం పోగొట్టుకున్నారు.

జాఫర్ అని ఆవిడకో అన్న,
ఫెర్రీ అడుగున బొగ్గు వేసేవాడట.
సెలవుకొచ్చిన ఒకే ఒక్కసారి
దోసిలి నోటికి పెట్టి ఓడలా కూస్తే
పెరట్లో బాతులన్నీ రోడ్డెక్కాయట.
అంతకంటే ఆవిడ చెప్పలేదు,
మేమూ తవ్వలేదు.

పదకొండోది సిర్కెజీలో, ఎక్కుడు సందులో.
లిఫ్టు లేదు. తొట్టి లేదు. జామ్ ఒకటే రకం.
రాత్రి గుమాస్తా గొంతులో నిద్ర మూలుగుతోంది:
"ఏం చెప్పమంటారు పెద్దమ్మా,
తెల్లారగట్ల మొదటి ఫెర్రీ నా చెవిలోనే కూస్తుంది.
ఈ ఉద్యోగంలో చేరాక
ఒక్క కలనీ చివరిదాకా చూడలేదు.
మూడో అంతస్తైతే మరీ అన్యాయం."

"మూడో అంతస్తే రాసుకో," అంది అత్త.

రెండు రైళ్ళు మారి దిగాం.
దిగిన రాత్రే లొదోస్ లేచింది,
సముద్రాన్ని రేవు మెట్లెక్కించే దక్షిణపు గాలి.
ఫెర్రీలన్నిటినీ తాళ్ళతో కట్టేశారు.
తెల్లవారుజామున మెలకువొచ్చి చూస్తే
అత్త మంచం మీద కూచునుంది, కోటు తొడుక్కుని,
తలగుడ్డ ముడేసుకుని, పెళ్ళివారి కోసం చూస్తున్నదానిలా.
ఆరయింది. ఏమీ లేదు,
కింద ఎవరిదో రేకుడబ్బా దొర్లడం తప్ప.
ఆరుంపావు.

లేచింది. కిటికీ రెక్క తోసింది.
దోసిలి నోటికి పెట్టుకుంది.

ఇన్నేళ్ళూ ఆ గొంతు
"ఉప్పు ఇటివ్వు" అనడమే విన్నాను నేను.
ఇది కడుపులోంచి వచ్చింది, బొగ్గుమసితో సహా,
సందు కొసదాకా వెళ్ళి
అక్కడి గోడని తాకి వెనక్కొచ్చింది.
కుక్కలు లేచాయి. ఎదురు మేడ మీద దీపం వెలిగింది.
ఎవడో బూతులు లంకించుకున్నాడు.
ఇల్హామీ దుప్పటి ముసుగు తీస్తే ఒట్టు.
ఎజ్గీ మాత్రం, "ఇంకోసారి, నానమ్మా."

పొద్దున కౌంటర్ దగ్గర
పక్కగది జర్మన్ దంపతులు, కళ్ళు చింతనిప్పులు:
గాలికి ఓడలే కదల్లేదటగా,
మరి ఆ రొదేమిటి?

గుమాస్తా ఒకసారి అత్త వంక చూశాడు.
ఆవిడ ఆ ఉన్న ఒక్క జామ్‌నీ
రొట్టెకి అంచులదాకా రాసుకుంటోంది.

"ముందే చెప్పాను కదండీ," అన్నాడు వాళ్ళతో,
"మూడో అంతస్తులో ఓడ కూస్తుందని."