ఎన్ని చెట్ల ఎత్తు

రాజోలు బస్టాండు ఎదుట, జిరాక్సు మిషను పక్కన
నా కొట్టు. టిక్కెట్లు రాస్తాను.
పదహారేళ్లుగా మనుషుల్ని విమానాలెక్కిస్తున్నాను.
నేనెక్కింది మాత్రం
సఖినేటిపల్లి రేవులో పంటే.

శుక్రవారం మధ్యాహ్నం ఏసోబు వచ్చాడు,
నడుముకి దింపు కత్తి అలాగే ఉంది.
వెనకాల రూతమ్మ, చేతిలో కవరు,
కవర్లో వీసా కాగితం.
విప్పీ మడిచీ, విప్పీ మడిచీ
మధ్యలో చిరుగు పట్టింది.

"ఎంత దూరమండి?"
హైదరాబాదు నుంచి కువైట్
మూడు వేల మూడొందల కిలోమీటర్లు, పైచిలుకు.
అంకె అతనికి అందలేదు.
"గంటల్లో చెప్పండి."
ఐదు. ఎదురుగాలైతే ఓ పావుగంట ఎక్కువ.
"అంతేనా!" రూతమ్మ నవ్వేసింది,
"యానాంలో మా అక్కోరింటికెళ్లాలన్నా
పూటంతా పడద్ది."

నిజానికి ఆ ఐదూ కాదు లెక్క.
ఇంటి నుంచి రేవుకి ఆటో.
గోదారి పాటు మీదుంటే
పంటు ఇసుక మేటకి తగులుకుని
పోటొచ్చేదాకా కదలదు.
అవతల నర్సాపురం, రాత్రి రైలు,
తెల్లారి నగరం, మళ్లీ బస్సు,
ఆ అద్దాల గదిలో మూటల పక్కన నాలుగు గంటలు.
టిక్కెట్టు మీద ఇవేవీ అచ్చు కావు.
ఆ కాస్త ఏరు దాటడానికే
ఒక్కోసారి సగం కువైట్ ఖర్చయిపోతుంది.

"ఎంత ఎత్తునండి ఎగిరేది?"
పదహారేళ్లలో ఇది ఎవరూ అడగలేదు.
ముప్పై ఐదు వేల అడుగులన్నాను.
గోడకేసి చూస్తూ పెదాలు కదిపాడు.
చెట్టు అరవై అడుగులు.
రోజుకి ముప్పై చెట్లు, వాన లేకపోతే.
"ఇరవై రోజుల పనండి," అన్నాడు,
"దిగకుండా ఎక్కుతానే ఉంటే."
రూతమ్మ నవ్వు ఆపింది.

గడియారం సంగతీ చెప్పక తప్పలేదు.
ఇక్కడ పదింటికి ఎక్కితే
అక్కడ దిగేసరికి పన్నెండున్నరే.
"మిగిలిన రెండున్నర గంటలూ మనకేనాండి?"
వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేయాలన్నాను.
"ఓహో, చేబదులు."
అప్పు తెలుసు అతనికి.
దూరం కంటే బాగా తెలుసు.

రెండు నెలలకి మళ్లీ వచ్చాడు, టిక్కెట్టు కోసం కాదు.
బల్ల మీద నాలుగు బొండాలు పెట్టి
కత్తి మొనతో ఒకదానికి కన్ను తెరిచి
నా చేతికిచ్చాడు.
"చెట్టెక్కితే ఫోను బాగా వినపడద్దండి.
మట్టల్లో కూచుని మాట్టాడతన్నాను.
అరవై అడుగులు తగ్గుద్ది కదండీ, ఆయ్."
లెక్కలో తప్పేమీ లేదు.

అక్కడ టైమెంతయ్యుంటదని అడిగి
నేను చెప్పేలోపే వేళ్లు మడిచి తనే చెప్పేశాడు.
వాళ్ల వీధిలో ఖర్జూరం చెట్లున్నాయట.
"పొట్టియంటండి. నిచ్చెనేసుకుని కోత్తారంట."
ఆ మాటలో దింపువాడి చిన్నచూపు కొంచెం,
ఇంకేదో కొంచెం.
ఆ ఇంకేదోకి నా దగ్గర పట్టిక లేదు.

గుమ్మంలో ఇంకొకామె నిలబడి ఉంది,
చంకలో అదే రకం కవరు.
"ఎంతసేపు పడద్దండి?"
ఐదు గంటలని నోటిదాకా వచ్చింది.
బొండాం కింద పెట్టి,
ముందు పోటు ఎన్నింటికో కనుక్కోమన్నాను.