కిరాయి

వాసాలతిప్ప చెరువు గట్టు మీద
తాటాకు గుడిసె, టార్చిలైటు, అద్దం పగిలిన ఫోను.
రాత్రి పదకొండు దాటాక
నేనూ ఏలీషా సిపాయిలమవుతాం.
ఎవరి దేశమో తెలీదు, ఎవరి మీద కోపమో తెలీదు,
డబ్బెవరిస్తే వాళ్ళ జెండా.
వంతెన కూలిస్తే పదివేలు,
గోదాం తగలబెడితే ఇరవై.
అన్నీ ఆట డబ్బులే, టీకి చెల్లవు.

వాడు పక్క చెరువు కాపలా.
మధ్యన ఒక్కటే గట్టు.
దానికోసం మా రాజుగారూ వాళ్ళ రాజుగారూ
ఆరేళ్ళుగా అమలాపురం కోర్టు మెట్లు అరగదీస్తున్నారు.

నేను తూటా తిని పడితే
వాడు పాక్కుంటూ వచ్చి లేపుతాడు.
"లెగరా, ఇంకా జీతం రాలేదు" అంటాడు చెవిలో.

మొన్న సాయంత్రం రాజుగారు
చెక్‌ట్రేలో రొయ్యని వేలితో తిప్పి చూస్తూ,
నా మొహం చూడకుండా అన్నారు:
"తెల్లారగట్ట ఆక్సిజన్ పడిపోద్ది.
ఆ పక్క ఏరియేటర్లు ఒక్క గంట ఆగితే చాల్రా.
ఐదువేలు."
"ఆయ్" అన్నాను.
నోటికి అలవాటు.

ఇప్పుడు మూడున్నర.
ఆటలో నా బొమ్మని గోడ చాటున నిలబెట్టి
గట్టు దాటొచ్చాను.
స్విచ్చి పెట్టె మూత మంచుకి తడిసి ఉంది.
తెడ్లు తిరుగుతున్నాయి, నురగ తెల్లగా లేస్తోంది,
అడుగున నాలుగు లక్షల ఊపిర్లు.

జేబులో ఫోను వణికింది.
"ఎక్కడ చచ్చావురా, పడిపోయాను,
ముప్పై సెకన్లే ఉంది."

ఇరవైతొమ్మిది.
ఇరవైయెనిమిది.

పది అడుగుల దూరంలో, గుడిసె తడిక సందులోంచి
వాడి బుగ్గ మీద నీలం వెలుగు.